రాత్రి కాపరి గీసిన బొమ్మలు: చార్లెస్ ఎం. రస్సెల్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చార్లెస్ రస్సెల్ ఎవరు?

చార్లెస్ మేరియన్ రస్సెల్ అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో పశువుల కాపరిగా బతికి, ఆ బతుకునే జీవితాంతం గీసిన చిత్రకారుడు. 1864 మార్చి 19న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో, అగ్ని ఇటుకల వ్యాపారం ఉన్న సంపన్న కుటుంబంలో పుట్టారు. పదహారో ఏడు నిండబోతుండగా 1880లో మోంటానా చేరుకున్నారు. 1893 వరకు మందల వెంట తిరిగారు. ఆ తరువాత పూర్తికాలం చిత్రకారుడిగా మారి, 1926 అక్టోబరు 24న గ్రేట్ ఫాల్స్ పట్టణంలో మరణించారు. నూనెరంగుల చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, కలం గీతలు, మైనపు బొమ్మలు, కంచు శిల్పాలు అన్నీ కలిపి ఆయన చేసినవి నాలుగు వేలకు పైగా ఉంటాయని లెక్క కడతారు. ఊళ్ళోవాళ్ళు ఆయనను ‘చార్లీ’ అనే పిలిచేవారు.

రాంచ్ అంటే మన పశువుల దొడ్డి లాంటిదేనా?

కాదు. మన దగ్గర పశువు ఇంటికి ఆనుకుని ఉంటుంది. పొద్దున మేతకు వెళ్ళి సాయంత్రం కొట్టానికి తిరిగివస్తుంది, దానికొక పేరు కూడా ఉంటుంది. రస్సెల్ వెళ్ళిన నాటి మోంటానాలో రాంచ్ అంటే నాలుగు దుంగల ఇళ్ళు, ఒక గుర్రాల దొడ్డి, వాటి చుట్టూ ఎవరికీ పట్టా లేని గడ్డిమైదానం. పశువులు ఏడాది పొడవునా కంచె లేని ఆ బయలులోనే మేసేవి, అక్కడే ఈనేవి, చలికాలంలోనూ అక్కడే ఉండేవి. పది మంది యజమానుల పశువులు ఒకదానితో ఒకటి కలిసిపోయేవి కాబట్టి ఏది ఎవరిదో తెలిపేది తొడ మీదో డొక్క మీదో ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసిన వాత ఒక్కటే.

ఏడాదికి రెండుసార్లు యజమానులందరూ కలిసి మనుషులను పంపించి, వందల మైళ్ళ మేర చెదిరిన మందలను ఒకచోటికి తోలించేవారు. దీన్ని రౌండప్ అనేవారు. వసంతంలో జరిగేది కొత్త దూడలకు వాతలు వేయడానికి, శరదృతువులో జరిగేది బలిసిన పశువులను ఏరి రైలుకు తోలడానికి. రస్సెల్ బొమ్మల్లో ఎన్నో ఈ రౌండప్ చుట్టూనే తిరుగుతాయి. అందువల్ల ఈ ఒక్క మాట అర్థమైతే తక్కినవి సులభంగా అర్థమవుతాయి.

ఆయన నిజంగా కౌబాయ్‌గా పనిచేశారా, లేక అది తరువాత అల్లిన కథా?

పనిచేశారు. కాని మనం ఊహించుకునే పని కాదు. తెలుగువారిలో ఒక తరానికి కౌబాయ్ అనగానే 1971లో కృష్ణ వేసిన వేషమే గుర్తుకు వస్తుంది. గుర్రం దౌడు, తుపాకీ మోత, వంకర టోపీ. రస్సెల్ తన గురించి తాను రాసుకున్నప్పుడు మాత్రం, తాను గొప్ప రౌతునూ కాదని, ఉచ్చుతాడు విసరడంలో నేర్పరినీ కాదని, తనది రాత్రిపూట గుర్రాలను కాచే పని మాత్రమేనని చెప్పుకున్నారు. ఈ మాటలో వినయం కొంత ఉండవచ్చు గాని, నిజమే ఎక్కువ.

మోంటానాలో ఆయనకు దొరికిన మొదటి పని గొర్రెల కాపలా. జూడిత్ బేసిన్ ప్రాంతంలోని ఆ కొలువు ఎంతో కాలం నిలవలేదు. గొర్రెలు ఒక దారిన, కుర్రవాడు ఒక దారిన పోయేవని అక్కడివారు చెప్పుకునేవారు. తరువాత జేక్ హూవర్ అనే వేటగాడు చేరదీసి దాదాపు రెండేళ్ళు తన గుడిసెలో ఉంచుకున్నాడు. 1882లో ఒకసారి సెయింట్ లూయిస్‌కు వెళ్ళి తిరిగివచ్చాక జూడిత్ బేసిన్ రౌండప్‌లో రాత్రి కాపరిగా చేరారు. ఆ పనిలోనే సుమారు పదకొండేళ్ళు గడిచాయి.

రాత్రి కాపరి పని ఎలా ఉంటుంది? అది బొమ్మలకు ఎలా ఉపయోగపడింది?

రౌండప్‌లో ఒక్కొక్క రౌతుకు ఒక్క గుర్రం సరిపోదు. పొద్దున ఎక్కినది మధ్యాహ్నానికి అలసిపోతుంది కనుక మనిషికి ఎనిమిదో పదో గుర్రాలు కేటాయించేవారు. అంటే ఇరవై మంది రౌతులున్న శిబిరం వెంట రెండు వందల గుర్రాల మంద నడిచేది. పగలు దాన్ని ఒకడు కాచేవాడు, రాత్రి ఇంకొకడు. రాత్రి కాపరి చీకటి పడే వేళకు ఆ మందను మంచి గడ్డి ఉన్నచోటికి తోలుకుపోయి, తెల్లవార్లూ చుట్టూ తిరుగుతూ, తెల్లవారకముందే ఒక్కటి కూడా తగ్గకుండా శిబిరానికి చేర్చాలి. చేర్చలేకపోతే ఆ రోజు పని మొత్తం ఆగిపోతుంది. పశువుల మందకు కూడా రాత్రి కాపలా ఉండేది. ఉరుము ఉరిమితే, ఎండుపుల్ల విరిగితే మంద బెదిరి పరుగు తీస్తుంది కాబట్టి కాపరులు సన్నగా పాటలు పాడుకుంటూ తిరిగేవారు. పాట పాడేది సరదాకు కాదు. చీకట్లో కదులుతున్నది మనిషేనని పశువుకు తెలియడానికి.

ఇక బొమ్మల సంగతి. రాత్రంతా మేలుకున్నవాడికి పగలు పని ఉండదు. కొంతసేపు నిద్రపోయాక లేచి చూస్తే, ఎదురుగా తక్కినవారందరూ పనిలో ఉంటారు. ఒకడు మొండి గుర్రాన్ని లొంగదీస్తుంటాడు, ఒకడు దూడ కాళ్ళు కడుతుంటాడు, ఇంకొకడు ఇనుము కాలుస్తుంటాడు. వాళ్ళకు చూసే తీరిక ఉండదు, చూసేవాడికి చేసే పని ఉండదు. రస్సెల్ బొమ్మల్లో ఉన్న నిశితత్వానికి మూలం ఈ వింత వేళల కొలువేనని ఈ పేజీ రాస్తున్నవాడి గట్టి నమ్మకం. పేరుమోసిన రౌతై ఉంటే, గుర్రం ఎగిరినప్పుడు దాని వీపు మీద ఉండేవారు. మామూలు కాపరి కాబట్టి పక్కన నిలబడి, ఆ గుర్రం నాలుగు కాళ్ళూ ఏ కోణంలో నేల విడుస్తున్నాయో గమనించగలిగారు.

రాత్రి నేర్పినది మరొకటి ఉంది. చీకట్లో గుర్రాన్ని రంగును బట్టి గుర్తుపట్టలేము. మెడ వాలును బట్టి, నడకను బట్టి, నిలబడినప్పుడు ఏ కాలు సడలిస్తుందో దాన్ని బట్టి గుర్తుపట్టాలి. ఆయన కలం గీతల్లో, రంగు అసలే లేనిచోట కూడా, ఒక గుర్రం ఇంకొక గుర్రంలా ఉండకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

బొమ్మలు గీయడం ఎక్కడ నేర్చుకున్నారు?

బడిలో కాదు. చిన్నప్పటినుంచీ పుస్తకాల అంచుల్లో గుర్రాలను గీస్తుండేవారు, మట్టితో, మైనంతో బొమ్మలు చేస్తుండేవారు. చదువు మీద ధ్యాస కుదరడానికి ఇంట్లోవారు న్యూ జెర్సీలోని సైనిక పాఠశాలకు పంపినా ఫలితం లేకపోయింది. సెయింట్ లూయిస్‌లో చిత్రకళ తరగతికి వెళ్ళినది కొద్ది రోజులే. అసలు శిక్షణ జేక్ హూవర్ గుడిసెలో జరిగిందని చెప్పడం సబబు. వేటాడి తెచ్చిన జింకలను, ఎలుగులను చర్మం వలిచి, కోసి, మాంసం అమ్మడం హూవర్ వృత్తి. ఆ పనిలో చేయి వేసిన కుర్రవాడికి భుజం ఎముక ఎక్కడ తిరుగుతుందో, తొడ కండ ఎక్కడ ముడిపడుతుందో చేతులతోనే తెలిసిపోయింది.

తొలినాటి చిత్రాల్లో లోపాలు లేకపోలేదు. 1885 ప్రాంతంలో గీసిన రౌండప్ శిబిరపు చిత్రాల్లో మనుషులు, గుర్రాలు, బండ్లు ఒకేసారి ఇరుక్కుపోయి, కన్ను ఎక్కడ నిలవాలో తెలియదు. కాని ఏ మనిషి ఏ పని చేస్తున్నాడో మాత్రం పొరపాటు లేకుండా తెలుస్తుంది. వాటిలో ఒకటి, శిబిరం విప్పి బయలుదేరే దృశ్యం, 1886లో సెయింట్ లూయిస్ ప్రదర్శనకు వెళ్ళింది.

పోస్ట్ కార్డు బొమ్మ కథ నిజమేనా?

ప్రధానమైన భాగం నిజమే. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

1886 వేసవిలో మోంటానాలో వానలు పడలేదు. అప్పటికే లెక్కకు మించిన పశువులను మైదానంలోకి వదలడం వల్ల గడ్డి వేళ్ళదాకా మేసి ఉంది. నవంబరులోనే మంచు మొదలైంది. మధ్యలో కాస్త కరిగి, మళ్ళీ గడ్డకట్టి, నేల మీద గాజు పలకలాంటి పొర ఏర్పడింది. గుర్రమైతే గిట్టతో మంచును తవ్వి కింది గడ్డిని తింటుంది. పశువుకు ఆ అలవాటు తక్కువ. మూతితో నెట్టబోయి, మంచుపొర కోసుకుని, ముట్టె నెత్తురు కారుతూ నిలబడిపోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చిన తుఫానులకు మందలు కొట్టుకుపోయాయి. సగానికి పైగా పశువులను పోగొట్టుకున్న యజమానులు ఎందరో ఉన్నారు. పక్కనున్న డకోటా ప్రాంతంలో, తరువాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ మంద కూడా ఆ చలికాలంలోనే దెబ్బతిన్నది.

రస్సెల్ అప్పుడు జూడిత్ బేసిన్‌లోని ఒక రాంచ్‌లో ఉన్నారు. హెలెనా పట్టణంలో ఉండే యజమానుల్లో ఒకరైన లూయీ కాఫ్మన్, మంద ఎలా ఉందో తెలుపమని ఉత్తరం రాశారు. రాంచ్ పెద్ద జవాబు రాయడానికి కూర్చుంటే, రస్సెల్ ఒక చిన్న అట్టముక్క మీద నీటిరంగులతో ఒక బొమ్మ వేసి ఇచ్చారు. అది చూశాక వేరే ఉత్తరం అక్కర్లేదని ఆ పెద్దమనిషి అన్నాడని చెబుతారు.

బొమ్మలో ఉన్నది చాలా కొద్ది. మంచులో ఒంటరిగా నిలబడిన ఒక బక్క పశువు. వెన్ను విల్లులా వంగింది, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, తల నేలకు వాలింది, నాలుగు కాళ్ళూ దగ్గరికి ముడుచుకుని ఉన్నాయి. కొంచెం దూరంలో తోడేళ్ళు కాచుకుని ఉన్నాయి. అవి తొందరపడటం లేదు, తొందరపడవలసిన అవసరం వాటికి లేదు. కింద ‘వెయిటింగ్ ఫర్ ఎ చినూక్’ అని పేరు. చినూక్ అంటే రాకీ పర్వతాల తూర్పు వాలు మీదుగా దిగివచ్చే వెచ్చని పొడిగాలి. అది వీస్తే గంటల వ్యవధిలో మంచు కరిగిపోతుంది. ఆ గాలి కోసం ఎదురుచూడటం తప్ప మంద గురించి రాయడానికి ఇంకేమీ మిగలలేదన్నది దాని తాత్పర్యం. ఐదు వేలలో ఆఖరిది అనే మరో పేరు కూడా దానికి స్థిరపడింది.

ఆ అట్టముక్క హెలెనాలో చేతులు మారి, జనం నోట పడి, రస్సెల్ పేరు పశువుల వ్యాపారులందరికీ తెలిసేలా చేసింది. అది నేటికీ మోంటానా పశుపోషకుల సంఘానికి చెందిన సొత్తుగా, హెలెనాలోని మోంటానా చారిత్రక సంఘం వద్ద ఉంది. ఆ చలికాలం తరువాతనే యజమానులు గడ్డి కోసి వాములు వేయడం, కంచెలు కట్టడం పెంచారు. రస్సెల్‌కు పేరు తెచ్చిన చలికాలమే ఆయన ప్రేమించిన కంచెలేని రోజులకు ముగింపు పలికింది.

బొమ్మల్లోని చిన్న చిన్న వివరాలు నిజంగా సరైనవేనా?

ఆ పని చేసినవారే సరైనవని ఒప్పుకున్నారు. అంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఒక ఉదాహరణ చూడండి. 1920లో వేసిన ఒక చిత్రం పేరును తెలుగులో చెబితే, ‘తాడేమో బిగువు, జీను పట్టీయేమో వదులు’ అని వస్తుంది. రౌతు ఉచ్చు విసిరి పశువును పట్టాక, తాడు రెండో కొసను జీను ముందున్న కొమ్ముకు చుట్టి బిగబట్టాలి. అప్పుడు పశువు బరువంతా జీను మీద పడుతుంది. గుర్రం పొట్ట కింద బిగించే తోలుపట్టీ వదులుగా ఉంటే జీను జారిపోతుంది, దానితోపాటు మనిషీ. ఆ చిత్రంలో జరుగుతున్నది సరిగ్గా అదే. పొద్దున పట్టీ బిగించడంలో జరిగిన చిన్న అశ్రద్ధ మధ్యాహ్నానికి ప్రాణం మీదికి ఎలా వస్తుందో ఒక్క క్షణంలో చూపించారు. జీను కట్టని మనిషికి ఈ చిత్రం తట్టదు.

వాతలను కూడా ఇలాగే గమనించాలి. ఆయన గీసిన పశువు డొక్క మీది గుర్తు అలంకారం కాదు. ఆ ప్రాంతంలో నిజంగా ఉన్న ఒక యజమాని వాత. తాడు చుట్టే తీరు, జీను కట్టు, కాళ్ళకు తొడిగే తోలు తొడుగుల కోత మోంటానాలో ఒకలా, కాలిఫోర్నియాలో ఇంకొకలా ఉండేవి. ఆయన వాటిని కలగలపలేదు.

నాకు మరీ ఇష్టమైనవి వంటబండి దగ్గరి గొడవలు. పొద్దున్నే, చలికి బిగుసుకుపోయిన గుర్రం మీద రౌతు ఎక్కగానే అది ఎగరడం మొదలుపెట్టి నేరుగా పొయ్యి మీదుగా దూసుకుపోతుంది. కాఫీ కూజాలు దొర్లుతాయి, పెనాలు ఎగురుతాయి, నిప్పులు చెల్లాచెదురవుతాయి, వంటవాడు చేతికందినది పుచ్చుకుని లేస్తాడు. 1908లో ఒకసారి, 1912లో ఇంకోసారి ఈ ఇతివృత్తాన్ని వేశారు. పక్కన నవ్వుతున్న మనుషుల ముఖాలు చూస్తే, వాళ్ళు నవ్వుతున్నది రౌతును చూసి కాదని, వంటవాడిని చూసి అని తెలుస్తుంది.

మరి తుపాకులు, తగాదాలు? అవి కూడా కళ్ళారా చూసినవేనా?

అన్నీ కావు. సారాకొట్టులోకి గుర్రాలతో సహా దూసుకుపోయే కౌబాయ్‌ల చిత్రం ఒకటి 1909లో వేశారు. అది స్టాన్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో జరిగినట్టు చెప్పుకునే సంఘటన. అందులో ఒక గుర్రం కాలు చెక్కనడవ పలకల్లో దిగబడిపోవడం, పేకముక్కలు నేల మీద చెదిరి ఉండటం అద్భుతంగా ఉంటాయి. అయినా అటువంటివి పుకారు, హాస్యం, కొనేవారి అభిరుచి కలిసిన బొమ్మలు. తూర్పు తీరపు పత్రికలకూ కొనుగోలుదారులకూ తుపాకీ పొగ కావాలి, ఆయన ఇచ్చారు. వాటికంటే పని బొమ్మలే గట్టివని నా అభిప్రాయం. పశువును వేరుచేసి తరమడం, వాగు దాటించడం, చలిలో మంట దగ్గర చేతులు కాచుకోవడం వంటి వాటిలో ఎవరినీ మెప్పించాలన్న ప్రయాస కనిపించదు.

కాపరి పని మానేశాక ముప్పై ఏళ్ళపాటు జ్ఞాపకం నుంచే గీశారా?

చాలావరకు అవును, కాని జ్ఞాపకాన్ని ఒంటరిగా వదిలేయలేదు. 1897లో గ్రేట్ ఫాల్స్‌కు కాపురం మార్చి, 1903లో ఇంటి పక్కన టెలిఫోన్ స్తంభాల దుంగలతో ఒక గుడిసె కట్టించుకున్నారు. అదే ఆయన చిత్రశాల. జీనులు, కళ్ళేలు, తాళ్ళు, టోపీలు, మూలవాసుల దుస్తులు, విల్లులు అన్నీ దాని గోడలకు వేలాడుతుండేవి. పొద్దున అక్కడ కూర్చుని గీసేవారు, మధ్యాహ్నం ఊళ్ళోకి వెళ్ళి పాత స్నేహితులతో కబుర్లాడేవారు. జ్ఞాపకాలు పదునుగా ఉండటానికి ఆ కబుర్లు కూడా పనిముట్లే.

జేబులో ఎప్పుడూ కొంత మైనం ఉండేది. మాట్లాడుతూనే వేళ్ళతో ఒక ఎలుగునో గుర్రాన్నో మలిచి, ఎదుటివారు ఆశ్చర్యపోయేలోగా మళ్ళీ ముద్దగా నలిపేసేవారు. కష్టమైన భంగిమ వస్తే ముందు మైనంతో చేసుకుని, వెలుతురులో తిప్పి నీడ ఎక్కడ పడుతుందో చూసి, ఆ తరువాత గుడ్డ మీద వేసేవారు.

భార్య నాన్సీ పాత్ర ఏమిటి?

నాన్సీ లేకపోతే ఈ పేజీ ఉండేది కాదు. 1896లో పెళ్ళి నాటికి ఆయనకు 32, ఆమెకు 18. అప్పటిదాకా బొమ్మలను స్నేహితులకు ఊరికే ఇచ్చేయడం, సారాకొట్టు బాకీ కింద వదిలేయడం ఆయన అలవాటు. ఆమె ధరలు నిర్ణయించింది, బేరాలు తానే మాట్లాడింది, ఆయనను కూర్చోబెట్టి పని చేయించింది. 1911లో న్యూయార్క్‌లోనూ, 1914లో లండన్‌లోనూ ప్రదర్శనలు జరిగాయంటే అది ఆమె పట్టుదలే. పాత స్నేహితులకు ఆమె మీద కొంత కినుక ఉండేది. తాగుడు స్నేహాలకు గడియ వేసింది కదా. 1916లో ఆ దంపతులు జాక్ అనే పిల్లవాడిని దత్తత తీసుకున్నారు.

బొమ్మల ఉత్తరాలు అంటే ఏమిటి?

స్నేహితులకు రాసిన ఉత్తరాల్లో సగం కాగితం బొమ్మకు, సగం మాటలకు కేటాయించేవారు. అక్షరదోషాలు పుష్కలం, విరామచిహ్నాలు శూన్యం. పైన మాత్రం నీటిరంగుల్లో బురదలో దిగబడిన గుర్రమో, ఊరు మారిపోయిందని విస్తుపోతున్న ముసలి కౌబాయో ఉంటాడు. అమ్మకానికి వేసినవి కావు కనుక వీటిలో భయం లేదు, చేయి స్వేచ్ఛగా కదిలింది. పెద్ద నూనెరంగుల చిత్రాల కంటే ఈ ఉత్తరాలే ఆయన ఉత్తమ చిత్రలేఖనమని వాదించేవారున్నారు. నేను వారి పక్షమే. ఆయన మరణానంతరం 1929లో ఇవి పుస్తకంగా వెలువడ్డాయి. అంతకు రెండేళ్ళ ముందు వచ్చిన కథల పుస్తకానికి హాస్యనటుడు విల్ రోజర్స్ ముందుమాట రాశారు.

రెమింగ్టన్‌తో పోలిస్తే?

అమెరికా పశ్చిమాన్ని గీసిన మరో చిత్రకారుడు ఫ్రెడరిక్ రెమింగ్టన్ (1861–1909) తూర్పు ప్రాంతపు మనిషి. యేల్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ చదివి, పశ్చిమానికి వచ్చిపోతూ గీశారు. కాన్సస్‌లో కొంతకాలం గొర్రెల రాంచ్ కూడా నడిపారు. కూర్పులో, వెలుతురును పట్టుకోవడంలో ఆయనది పైచేయి. పని తెలిసిన మనిషి చూపు కావాలంటే రస్సెల్ దగ్గరికే వెళ్ళాలి.

మూలవాసులను ఎలా చిత్రించారు?

ఆ కాలపు తెల్లజాతి చిత్రకారులతో పోలిస్తే ఎంతో గౌరవంగా చిత్రించారు. 1888లో కొన్ని నెలలు కెనడాలోని ఆల్బర్టాలో, బ్లాక్‌ఫీట్ కూటమికి చెందిన బ్లడ్ తెగవారి దగ్గర గడిపారు. ఎన్నో చిత్రాల్లో దృశ్యాన్ని వారివైపు నుంచే చూపించారు. తెల్లవారు దూరంగా చిన్నగా ఉంటారు, తెగవారు కొండమీద నిలిచి చూస్తుంటారు. మోంటానా శాసనసభ మందిరానికి 1912లో వేసిన 25 అడుగుల వెడల్పు చిత్రం విషయమూ అదే. లూయిస్, క్లార్క్ అన్వేషకుల రాక దాని ఇతివృత్తమైనా, చిత్రంలో సింహభాగం తెగ రౌతులది. అన్వేషకులు ఒక పక్కకు ఒదిగి నిలబడి ఉంటారు. శాసనసభ అధ్యక్షుడి కుర్చీ వెనుక గోడ మీద అది నేటికీ ఉంది. అంత పెద్ద గుడ్డ పట్టడానికి గుడిసె కప్పు ఎత్తు పెంచవలసి వచ్చింది.

భూమి లేక పట్టణాల అంచుల్లో తిరుగుతున్న చిప్పెవా, క్రీ తెగల కుటుంబాలకు స్థలం ఇప్పించాలని స్నేహితుడు ఫ్రాంక్ లిండర్‌మన్‌తో కలిసి ఆయన గొంతెత్తారు. 1916లో వారికి కేటాయించిన భూభాగంగా రాకీ బాయ్ రిజర్వేషన్ ఏర్పడింది. అయినా ఆయన చూపులో ఒక పరిమితి ఉంది. ఆయనకు నచ్చినది గడిచిపోయిన తెగ జీవితం. తన కాలంలో వారు పడుతున్న పాట్లు చిత్రాల్లో తక్కువగానే కనిపిస్తాయి.

సంతకం పక్కన పుర్రె ఎందుకు?

అది అమెరికా అడవిదున్న (బైసన్) పుర్రె. ఆయన మోంటానా చేరిన కొద్ది ఏళ్ళలోనే అక్కడి అడవిదున్నల మందలు వేటకు నశించిపోయాయి, మైదానమంతా ఎముకలు మిగిలాయి. ఆ గుర్తునే తన వాతగా వేసుకున్నారు.

ఈ రాంచ్‌లతో తెలుగు నేలకు ఏమైనా సంబంధం ఉందా?

రస్సెల్‌తో లేదు, పశువులతో ఉంది. మన ఒంగోలు జాతి పశువులు పందొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్‌కు చేరి, నెల్లూరు పేరు మీద ‘నెలోర్’గా స్థిరపడి, ఇప్పుడు అక్కడి రాంచ్‌లను నింపుతున్నాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో వేడిని తట్టుకోవడానికి రూపొందించిన బ్రాహ్మన్ జాతిలోనూ గిర్, కాంక్రేజ్ లాంటి జాతులతో పాటు ఒంగోలు రక్తం ఉంది. అవి మోంటానా మంచుకు పనికిరావు కాబట్టి రస్సెల్ బొమ్మల్లో మూపురమున్న పశువును వెతకడం వృథా. అక్కడ కనిపించేవి టెక్సస్ నుంచి తోలుకొచ్చిన పొడవు కొమ్ముల పశువులు, పొట్టికొమ్ముల సీమజాతులు.

పని చేస్తూ రాంచ్ బతుకును గీసినవారు ఇంకెవరున్నారు?

ఎడ్వర్డ్ బోరీన్ (1872–1945) కాలిఫోర్నియా రాంచ్‌లలో పనిచేసి, రాగిరేకుల మీద అద్భుతమైన చెక్కుడు చిత్రాలు చేశారు. రస్సెల్‌కు మంచి స్నేహితుడు. విల్ జేమ్స్ (1892–1942) కథ ఇంకా విచిత్రమైనది. కెనడాలోని క్యూబెక్‌లో ఫ్రెంచి కుటుంబంలో పుట్టి, మోంటానా బిడ్డనని పేరు మార్చుకుని, పశువుల దొంగతనం కేసులో నెవాడాలో జైలుకు వెళ్ళి, తరువాత రచయితగా, చిత్రకారుడిగా పేరు తెచ్చుకున్నాడు. జన్మ వృత్తాంతం కల్పన గాని, ఆయన గీసిన ఎగిరే గుర్రం కల్పన కాదు. జె.ఆర్. విలియమ్స్ 1922 నుంచి దినపత్రికల్లో ఒకే గడి వ్యంగ్యచిత్రాలుగా రాంచ్ దృశ్యాలు గీశారు. 1965లో అరిజోనాలోని సెడోనాలో కౌబాయ్ చిత్రకారులు ఒక సంఘంగా ఏర్పడ్డారు.

ఈ చిత్రాలను ఎక్కడ చూడవచ్చు?

గ్రేట్ ఫాల్స్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియం పక్కనే ఇల్లు, దుంగల చిత్రశాల ఉన్నాయి. గ్లేషియర్ నేషనల్ పార్కుకు వెళ్ళే తెలుగు కుటుంబాలు ఒక పూట కలుపుకుంటే ఇది చూసి రావచ్చు. పార్కులోని మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డునే ఆయన వేసవి గుడిసె ఉండేది. హెలెనాలో శాసనసభ చిత్రం, చారిత్రక సంఘం సేకరణ ఉన్నాయి. టెక్సస్‌లో ఉన్నవారికి ఫోర్ట్ వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియం దగ్గర. గ్రేట్ ఫాల్స్‌లోని మింట్ సారాకొట్టు గోడల మీది పెద్ద సేకరణను కార్టర్ 1952లో కొన్నారు. ఓక్లహోమాలోని టల్సాలో గిల్‌క్రీజ్ మ్యూజియం ఉంది. ముద్రణల్లో చూసి తృప్తిపడేవారు ఒక్కసారైనా నీటిరంగుల అసలు చిత్రాన్ని దగ్గరనుంచి చూడాలి. దుమ్ము కోసం ఆయన వదిలిన తెల్లకాగితం ముద్రణలో కనిపించదు.

ఆయన తనను తాను ఎక్కడైనా గీసుకున్నారా?

చాలాచోట్ల, సాధారణంగా ఎగతాళిగా గీసుకున్నారు. టోపీ వెనక్కి నెట్టి, నడుముకు ఎర్రని నడికట్టు చుట్టిన మనిషి ఒక మూల కనిపిస్తే ఆయనే అనుకోవచ్చు. వాటిలో 1925లో, చనిపోవడానికి ఏడాది ముందు వేసిన ‘లాఫ్ కిల్స్ లోన్‌సమ్’ వేరు. వెన్నెల రాత్రి, వంటబండి, ముందు చిన్న మంట, దాని చుట్టూ పని ముగించుకున్న కౌబాయ్‌లు. ఎవరో ఏదో చెబుతున్నారు, తక్కినవారు వింటున్నారు. వారి నడుమ యువకుడైన రస్సెల్ మంట వెలుగులో నిలబడి ఉన్నారు. బండి అవతల నీలి చీకటి, అందులో మైదానం. రాత్రి కాపరి ఇంకా గుర్రాల దగ్గరికి బయలుదేరలేదు.